ఎనిమిది వచ్చే నంబరు

జర్మనీలో మా ఊరు జీగెన్ రోడ్ల మీద తిరిగే కార్లలో సగానికి ముందూ వెనకా ఉన్న నంబర్ ప్లేట్లు నా చేతి మీదుగా వెళ్ళినవే. ఈ మాట చర్చిలో, తెలుగువాళ్ళ ఉగాది భోజనాల్లో, పళ్ళ డాక్టరు దగ్గర కూర్చునే గదిలో ఎన్నిసార్లు చెప్పానో గుర్తులేదు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి సరిచేస్తాను. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురుగా ప్లేట్లు కొట్టే కొట్లు మూడు. మాది మూలన ఉన్నది. అందులోనూ పనిచేసేది ఇద్దరం. కాబట్టి సగం కాదు, ఆరో వంతు అనుకోండి. అది కూడా మిగతా రెండు కొట్లకు వచ్చినంత జనం మాకూ వచ్చారనుకుంటేనే. రాలేదు.

వచ్చే నెల నుంచి నా స్టూలు మీద మౌనిక కూర్చుంటుంది. వరంగల్ అమ్మాయి. భర్త ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. పని చూడటానికి వచ్చిన రోజున కాసేపు మెషీన్ని, కాసేపు నన్ను చూసి అంది: "మెషీనే కొడ్తది కదా అంకుల్. ఇందులో నేర్చుకునేది ఏముంటది?"

ఆ పూట కాఫీ పెట్టిచ్చాను. జవాబు ఈ కాగితాలు. ప్రమోషన్ల సంగతి రాయను. మా కొట్లో ఉన్న రెండు స్టూళ్ళదీ ఒకటే ఎత్తు. రాయాల్సింది ముఖ్యంగా ఒక తప్పు గురించి. ఒక శుక్రవారం నేను ఒక అంకె తప్పు కొట్టాను. దానివల్ల నెలలు నిండిన ఒక అమ్మాయి కొండ మీది పల్లెలో కారు లేకుండా ఉండిపోయింది. ఆ తప్పు ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కుంచె పట్టిన చెయ్యి

ఏలూరులో రవాణా ఆఫీసు ప్రహరీ పక్కన నాకొక చెక్క బల్ల ఉండేది. దాని మీద నాలుగు కుంచెలు, రెండు డబ్బాల ఎనామిల్ పెయింటు. లారీలకు, స్కూటర్లకు నంబర్లు రాసేవాణ్ణి. నేను రాసిన తొమ్మిది తోక బంపరు చివరిదాకా వెళ్ళేది. నా చేతిరాత కోసం మూడు జిల్లాల లారీ ఓనర్లు వరస కట్టేవారు. సరే, ఒక జిల్లా. వరస మాత్రం నిజం. కాకపోతే అది పక్కనున్న టీ కొట్టుకు.

నా భార్య సుగుణ నర్సు. ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి ముందు తను వచ్చింది. రెండేళ్ళకు నేను వచ్చాను. భాష రాదు, పని లేదు. ఒకరోజు ఆ మూల కొట్టు అద్దం మీద సహాయకుడు కావాలన్న కాగితం చూసి లోపలికి వెళ్ళాను. ఓనరు ఫ్రావ్ క్రెమర్, మన లెక్కలో క్రెమర్ గారు, పొట్టిగా, బూడిద రంగు ఏప్రన్ వేసుకుని ఉంది. మీ దేశంలో ఏం పని చేసేవారని అడిగింది. "నంబర్ ప్లేట్లు" అన్నాను. ఆమె నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. "అయితే సోమవారం రండి" అంది. నా జీవితంలో ఇంటర్వ్యూ అంటే అదొక్కటే.

పని ఇలా ఉంటుంది. అల్యూమినియం రేకు, దాని మీద మెరిసే తెల్లటి పొర, ఎడమ చివర నీలం పట్టీ. కావలసిన అక్షరాల అచ్చుల్ని వరసగా పేర్చి, ప్రెస్ కింద పెట్టి, హ్యాండిల్ లాగితే అక్షరాలు ఉబ్బెత్తుగా వస్తాయి. తర్వాత వేడి రోలరు కింద పోనిస్తే ఉబ్బిన చోట నల్ల రంగు అంటుకుంటుంది. రెండు నిమిషాలు. చేతికొచ్చినప్పుడు ప్లేటు వెచ్చగా ఉంటుంది, పెనం మీంచి తీసిన రొట్టెలాగ. ఆ వెచ్చదనమంటే నాకు చివరిదాకా మోజు తీరలేదు.

కారు కొన్నవాళ్ళు ముందు ఎదురుగా ఉన్న ఆఫీసులో నంబరు రాసిన చీటీ తీసుకుంటారు. ఆ ఆఫీసుకు ఇక్కడి పేరు సులాసుంగ్‌స్టెల్లె. మనవాళ్ళు నోరు తిరక్క 'సులాసుంగ్' అని వదిలేస్తారు. చీటీ తెచ్చి మాకిస్తే మేము ప్లేట్లు కొట్టి ఇస్తాం. అవి పట్టుకుని మళ్ళీ ఆఫీసుకు వెళ్తే, అక్కడి ఉద్యోగి కంప్యూటర్లో ఉన్న నంబరుతో పోల్చి చూసి, గుండ్రటి ప్రభుత్వ ముద్ర అంటిస్తాడు. ఆ ముద్ర పడేదాకా మేము కొట్టింది వట్టి రేకు.

చేరిన వారంలోనే నా మొదటి ఘనకార్యం. ఒక ప్లేటు మీద R కాలి దగ్గర నల్ల రంగు కొంచెం లేచిపోయింది. రేకు వృథా ఎందుకని కుంచె తీసి దిద్దాను. ఏలూరు చెయ్యి. భూతద్దం పెట్టి చూసినా కనబడదు.

ఫ్రావ్ క్రెమర్ ప్లేటును వెలుతురులోకి ఎత్తి చూసింది. "ఇది మీరు దిద్దారా?"

"అవును. తెలియట్లేదు కదా?" అన్నాను గర్వంగా.

"తెలియట్లేదు, అందుకే" అని దాన్ని రేకులు కోసే యంత్రంలో పెట్టి నిలువునా రెండు ముక్కలు చేసింది. చేతితో దిద్దిన ప్లేటు ఎంత బాగుంటే అంత పెద్ద నేరమని ఆ రోజు తెలిసింది. మన దగ్గర నా గొప్పంతా ఏదైతే, ఇక్కడ అదే నేరం.

నేను చేరినప్పటికి పాత అక్షరాలే ఉండేవి, సన్నగా, తిన్నగా, స్కూలు మాస్టారి రాతలాగ. వాటితో ఒక చిక్కు. చిన్న నల్ల టేపు ముక్క ఉంటే F ని E గా, 3 ని 8 గా మార్చేయొచ్చు. అందుకని కొత్త అక్షరాలు వచ్చాయి. ఒకదాని వంపు ఇంకొకదానికి కలవకుండా గీశారు. మార్చబోతే వంకర బయటపడుతుంది. చూడటానికి అనాకారిగా ఉంటాయి, కానీ మోసం చేయనివ్వవు. ఆ అక్షరాలు గీసిన కమిటీలో నేనూ ఉన్నానని సండే స్కూలు పిల్లలకు చెప్పాను. ఉన్నమాట ఏమిటంటే, కొత్త అచ్చుల పెట్టెలు వ్యాను లోంచి దింపింది నేను. నడుం పట్టేసి నాలుగు రోజులు పడుకున్నాను.

ఫ్రావ్ క్రెమర్ పెట్టిన నియమం ఒకటుంది. మౌనికా, ఇది నీ కోసం. చీటీ మీద వేలుపెట్టి పైకి చదవాలి. కొనుక్కునే మనిషి చేత అదే చీటీ పైకి చదివించాలి. అచ్చులు పేర్చాక, అచ్చుల మీంచి మూడోసారి చదవాలి. ఆ తర్వాతే హ్యాండిల్ ముట్టుకోవాలి.

"మూడుసార్లు ఎందుకండీ? రెండుసార్లు చాలదా?" అని అడిగాను.

"మిగతావాళ్ళకు చాలు. మూడోది మీ కోసం, హెర్ దేవదానం. మీరు ఎక్కువ మాట్లాడతారు."

రద్దయిన అక్షరాలు

ప్లేటు మొదట ఉండే అక్షరాలు జిల్లావి. వాటిని చూసి కారు ఏ ఊరిదో చెప్పొచ్చు. చాలా ఏళ్ళ క్రితం ఇక్కడ చిన్న జిల్లాల్ని పెద్ద జిల్లాల్లో కలిపేశారు, చిన్నవాటి అక్షరాలు రద్దయిపోయాయి. తర్వాత కొన్నేళ్ళ కిందట, కావాలనుకున్నవాళ్ళు పాత అక్షరాలు మళ్ళీ పెట్టుకోవచ్చన్నారు. ఎవరు వస్తారులే అనుకున్నాం. మర్నాడు కొండ పల్లెల నుంచి ముసలివాళ్ళు టోపీలు పెట్టుకుని దిగారు.

వాళ్ళలో ఒక రైతు కారు నిక్షేపంగా ఉంది, ప్లేట్లు నిక్షేపంగా ఉన్నాయి. అక్షరాల కోసమే వచ్చాడు. వెచ్చటి ప్లేటు చేతికిస్తే బొటనవేలితో అక్షరాల్ని తడిమి, "మా నాన్న ట్రాక్టరుకు ఇవే ఉండేవి" అన్నాడు. పాత ప్లేట్లు మా కొట్లోనే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఇది చెప్తే మౌనిక వెంటనే అందుకుంది. "మాకు తెల్వదా అంకుల్? AP తీసి TS పెట్టినప్పుడు మా బాపు కొత్త బండి కొన్నడు. పాతది మంచిగనే ఉండె. TS మీద తిరగాలని కొన్నడు. మళ్ళ TG అన్నరు."

"అప్పుడు ఇంకో బండి కొన్నాడా?"

"కొంటనన్నడు. అమ్మ తాళంచేతులు దాచిపెట్టింది."

చూశావా, ఈ పని నీకు సగం వచ్చేసింది. రేకు మీద ఉన్నది ఊరు. కొందరికి ఇంటిపేరు కంటే అదే ఎక్కువ.

తొమ్మిది గారు

మొదట్లో జీగెన్‌లో తెలుగువాళ్ళంటే మేమిద్దరం, ఇంకో రెండు కుటుంబాలు. తర్వాత యూనివర్సిటీకి పిల్లలు, బ్లూ కార్డు వీసా మీద ఉద్యోగస్తులు రావడం మొదలైంది. చదువు అవ్వగానే సెకండ్ హ్యాండ్ కారు కొంటారు. కొనగానే నా దగ్గరికి వస్తారు. అందరిదీ ఒకటే మాట: "అంకుల్, టోటల్ తొమ్మిది రావాలి."

అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలి. ఎనిమిది మాత్రం రాకూడదు, అది శని. హిందువులే అడిగారని అనుకోకండి. మా చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాడు కూడా పక్కకు పిలిచి, "నమ్మకం కాదంకుల్, ఊరికే" అని తొమ్మిదే అడిగాడు. నేను చర్చిలో పెద్దని. ఇలాంటివి నమ్మకూడదు, నమ్మనూ లేదు. కానీ అడిగినప్పుడు కళ్ళు సగం మూసి, వేళ్ళ మీద కూడి, "ఊఁ, ఇది నీకు నప్పుతుంది" అనడంలో ఒక రుచి ఉంది. నా సొరుగులో నిమ్మకాయలు కూడా ఉండేవి, చక్రాల కింద పెట్టుకోవడానికి. అవి నా టీ కోసమని ఫ్రావ్ క్రెమర్ అనుకునేది. ఆమెను అలాగే అనుకోనిచ్చాను.

అక్కడితో ఆగితే బాగుండేది. "ఆఫీసులో నా మాట నడుస్తుంది. మంచి నంబరు పక్కన పెట్టిస్తాను" అని చెప్పడం మొదలుపెట్టాను. నిజానికి ఖాళీగా ఉన్న నంబర్లన్నీ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, నచ్చింది తమ పేరు మీద ఆపుకోవచ్చు. నేను చేసేదీ అదే, వాళ్ళు చూడకుండా. ఆఫీసులో నాకు తెలిసినవాడు కౌంటర్ దగ్గరుండే హెర్ లాంగె ఒక్కడే. ఇన్నేళ్ళలో అతను నాతో అన్న మాటలు రెండే: "గుడ్ మార్నింగ్", "తర్వాతి వారు".

నా సొంత కారు నంబరు మాత్రం ఎవరికీ చెప్పలేదు. అక్షరాలు ఇప్పుడు కూడా చెప్పను, ఈ దేశంలో డేటా రక్షణ అంటే ప్రాణం. అంకెలు 602. సుగుణ ఈ ఊరొచ్చిన కొత్తలో ఉన్న నర్సుల హాస్టల్లో ఆమె గది నంబరు అది. ఏలూరు నుంచి రెండేళ్ళు నేను ఉత్తరాలు రాసింది ఆ నంబరుకే. మొదటి కారు కొన్నప్పుడు అది ఖాళీగా కనిపిస్తే తీసుకున్నాను. కారు మారినప్పుడల్లా అదే నంబరు ఉంచుకున్నాను. కూడి చూసుకోలేదు. కూడితే ఎంతో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అందుకే కారును ఎప్పుడూ కొట్టు వెనక పెట్టేవాణ్ణి.

శుక్రవారం

రవి కరీంనగర్ కుర్రాడు. ఇక్కడ ఒక మెషీన్ల కంపెనీలో ఇంజనీరు. మీతె, అంటే అద్దె, తక్కువని కొండ మీది పల్లెలో ఇల్లు తీసుకున్నాడు. ఆదివారం ఆ పల్లెకు మూడు నాలుగు బస్సుల కంటే రావు. భార్య శ్రావణికి తొమ్మిదో నెల. ప్రసవానికి ముందు కారు ఉండాలని ఒకటి కొన్నాడు. పాత ఓనరు రిజిస్ట్రేషన్ తీసేసి ఇచ్చాడు కాబట్టి కొత్త ప్లేట్లు పడేదాకా దాన్ని ఇంటి ముందు నుంచి కదపకూడదు. ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, శుక్రవారానికి దొరికింది. శుక్రవారం ఆఫీసు పన్నెండింటికే మూసేస్తారు.

వారం ముందు నా దగ్గరికి వస్తే, "702 తీసుకో. తొమ్మిది. నువ్వేం చెయ్యకు, నేను చూసుకుంటా" అన్నాను. చూసుకోవడం అంటే ఇంటికెళ్ళి వెబ్‌సైట్‌లో అతని పేరు మీద ఆపడం. ఆ సాయంత్రం చర్చి కమిటీ మీటింగ్ ఉంది. మర్చిపోయాను. పైగా, ఆపేశానన్న నమ్మకం కూడా కుదిరిపోయింది. గొప్పలు ఎక్కువగా చెప్పేవాడికి వచ్చే జబ్బు ఇది, చెప్పిందల్లా చేసినట్టే ఉంటుంది.

శుక్రవారం ఉదయం ఫ్రావ్ క్రెమర్ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. కుర్రాణ్ణి ఆశ్చర్యపరుద్దామని, చీటీ రాకముందే 702 ప్లేట్లు రెండూ కొట్టి, మీద ఒక నిమ్మకాయ పెట్టి బల్ల మీద సిద్ధంగా ఉంచాను.

పదకొండున్నరకు రవి మడిచిన చీటీ చేత్తో పట్టుకుని వచ్చాడు. ప్లేట్లు చూసి నోరు తెరిచాడు.

"అంకుల్! చీటీ ఇయ్యకముందే ఎట్ల కొట్టిండ్రు?"

"చెప్పాను కదా, నేను చూసుకుంటానని."

"మీరు మామూలోళ్ళు కాదు అంకుల్!"

ఆ మాట చెవిలో పడ్డాక చీటీ విప్పి చూసే మనిషినా నేను? ప్లేట్లు కవర్లో పెట్టి, నిమ్మకాయ జేబులో పెట్టి పంపించాను.

పన్నెండుకు పది నిమిషాలుండగా పరుగెత్తుకుంటూ తిరిగొచ్చాడు. "అంకుల్, కలుస్తలేదట."

చీటీ విప్పాను. 715. అంకుల్ చూసుకుంటారు కదా అని అతను కౌంటర్లో నంబరు సంగతే ఎత్తలేదు. ఎవరూ నంబరు ఆపలేదు కాబట్టి కంప్యూటర్ తనకు తోచింది ఇచ్చింది. ఒక అంకె తప్పు కొట్టానని మొదట్లో రాశాను. ఒక అంకె కాదు. జిల్లా అక్షరాలు, ఏడు తప్ప మిగతావన్నీ తప్పు, నడిమి అక్షరాలతో సహా.

అచ్చులు పేర్చాను, కొట్టాను, రోలరు మీద పోనిచ్చాను. తొందరలో ఒక రేకు తలకిందులుగా పెట్టి పాడుచేశాను, ఇంకోటి తీశాను. ఇద్దరం వేడి ప్లేట్లు చెరొకటి పట్టుకుని రోడ్డు దాటేసరికి హెర్ లాంగె గాజు తలుపుకు లోపలి నుంచి తాళం వేస్తున్నాడు. తర్వాత ఈ కథ చెప్పినప్పుడల్లా నేను తలుపు బాదానని, పోలీసులొచ్చారని చెప్పాను. జరిగింది అది కాదు. ప్లేటు అద్దానికి ఆనించి "ప్లీజ్" అన్నాను, రెండుసార్లు. అతను గోడ గడియారం వైపు చూపించి, సోమవారం అని వేలితో గాలిలో రాశాడు.

రవి కోప్పడలేదు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని, "శ్రావణికి ఏం చెప్పాలె అంకుల్?" అన్నాడు.

"సోమవారం దాకా నా ఫోను చేతిలోంచి దించను. పిలువు, వచ్చేస్తాను. నా బీమాలో నా పేరు, మీ ఆంటీ పేరు తప్ప లేవు, లేకపోతే కారే ఇచ్చేవాణ్ణి."

అతను తలూపి బస్సు స్టాపు వైపు వెళ్ళాడు. కవరు అతని చేతిలో ఊగుతుంటే ముద్ర పడని ప్లేట్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు మలుపు తిరిగేదాకా వినబడింది.

ఫ్రావ్ క్రెమర్ వచ్చాక అంతా చెప్పాను. తిట్టలేదు. 702 ప్లేట్లు రెండూ కోత యంత్రంలో పెట్టి, పక్కకు జరిగింది. "మీరు లాగండి" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం

ఆదివారం చర్చిలో ప్రకటనలు చదవబోతుంటే జేబులో ఫోను కొట్టుకుంది. వేదిక దిగి బయటికి నడిచాను. సుగుణ వెనకే వచ్చి ఫోను నా చేతిలోంచి లాక్కుంది.

"ఏమ్మా శ్రావణీ, ఎంతసేపటికోసారి వస్తున్నాయి?... పది నిమిషాలకా? సరే, కంగారు లేదు. మేం బయల్దేరాం." ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "కంగారు లేదన్నది వాళ్ళకి. మీరు నడవండి ముందు."

ఆ రోజు గురించి నేను చెప్పుకున్న కథలో పాప కారులోనే, కొండ మలుపులో, నా చేతుల్లోకి పుట్టింది. సుగుణ పక్కన లేనప్పుడు మాత్రమే అలా చెప్తాను.

కొండ మీది ఇంటి ముందు కారు ఆపాను. రవి ఒక చేత్తో బ్యాగు, ఒక చేత్తో శ్రావణిని పట్టుకుని గుమ్మం దిగాడు. కారు ముందుకొచ్చి ఆగిపోయాడు. పెదాలు కదిలాయి.

"అంకుల్... ఆరు, రెండు... ఎనిమిది."

"అవును."

"ఇన్నేండ్ల సంది ఇదే నంబరా?"

"ఇదే."

"మా అందరికి తొమ్మిది చెప్పుకుంట?"

నేను ఏదో అనబోయాను. శ్రావణి నడుం మీద చెయ్యేసుకుని మా ఇద్దర్నీ చూసింది. "నంబర్ బయట ఉంటది. నేను లోపల కూసుంట. ఇద్దరు పక్కకు జరుగుండ్రి."

జరిగాం.

కొండ దిగి కింది ఊళ్ళోకి వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా తాడు. ఆ ఊరి జాతర. డప్పులు, బాకాలు, ఆకుపచ్చ కోట్లు వేసుకున్న వంద మంది నెమ్మదిగా నడుస్తున్నారు. టోపీలో ఈక పెట్టుకున్న పెద్దాయన చెయ్యెత్తి, ఇరవై నిమిషాలు ఆగాలన్నాడు. నాకు జర్మన్ మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. సుగుణ అద్దం దించి, ముప్పై ఏళ్ళ వార్డు గొంతుతో ఒకే మాట అంది: ప్రసవం. ఆయన శ్రావణిని చూశాడు, ఈల వేశాడు. బ్యాండు మధ్యలోంచి రెండుగా విడిపోయింది. వాయించడం మాత్రం ఆపలేదు. బాకాల మధ్య నుంచి కారు పోనిస్తుంటే, వెనక సీట్లో రవి పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకులా చేతులు జోడిస్తూనే ఉన్నాడు. శ్రావణి నొప్పి మధ్యలో నవ్వింది. "నవ్వించకు, నవ్వితే ఇంకా నొస్తది" అని అతన్ని గిచ్చింది.

ఆసుపత్రిలో ఆమెను లోపలికి తీసుకెళ్ళారు. సుగుణా వెంట వెళ్ళింది. కాఫీ మెషీన్ దగ్గర రవి, నేను మిగిలాం.

"అంకుల్, ఆఫీసులో మీ మనిషి ఉన్నడంటరు కదా. మొన్న గాయన లేకుండెనా?"

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చాలా మంచిది కూడా, ఆయన సెలవులో ఉన్నాడని. మింగేశాను. "ఎవరూ లేరు రవీ. వెబ్‌సైట్‌లో నీకు కనబడేదే నాకూ కనబడుతుంది. నీ నంబరు ఆపడం మర్చిపోయాను. చీటీ చూడకుండా కొట్టాను. తప్పు నాది."

అతను కప్పులో చక్కెర వేసి కలిపాడు. "మా డాడీ కూడా ఇట్లనే చెప్తడు, కలెక్టర్ తెలుసని" అన్నాడు. ఒక గుక్క తాగి, "తెల్వదు" అని నవ్వాడు.

పాప మర్నాడు మధ్యాహ్నం పుట్టింది. అంటే, ఆ ముందురోజు మేము బ్యాండు చివరిదాకా చూసి, మిఠాయి కొనుక్కుని వెళ్ళినా ఏం కాకపోయేది. కానీ అది మాకు అప్పుడు తెలియదు కదా. సోమవారం ఉదయం రవి రాసిచ్చిన అధికార పత్రంతో, 715 ప్లేట్లతో నేనే కౌంటర్ ముందు నిలబడ్డాను. హెర్ లాంగె చీటీ చూశాడు, ప్లేట్లు చూశాడు, నన్ను చూశాడు. ముద్రలు అంటించాడు. "తర్వాతి వారు" అన్నాడు.

ఆ రోజు నుంచి తొమ్మిదులు చెప్పడం మానేశాను. అడిగినవాళ్ళకు వెబ్‌సైట్ చూపించాను. నా పరపతి బాగా తగ్గిపోయింది. నిమ్మకాయలు మాత్రం ఉంచాను, నిజంగానే టీలోకి.

ఆఖరి చీటీ

ఇప్పుడు జనం ఇంట్లో కూర్చుని రిజిస్టర్ చేసుకుని, ప్లేట్లు పోస్టులో తెప్పించుకుంటున్నారు. ఆఫీసుకు ఎదురుగా ఉన్న మూడు కొట్లలో ఒకటి మూసేశారు. ఈ పని ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు మౌనికా, ఉంటుందని గొప్పగా చెప్పలేను. ఉన్నన్నాళ్ళు మూడుసార్లు చదువు. మెషీన్ ఏం పెడితే అది కొడుతుంది. పెట్టేది మనం.

కళ్ళ డాక్టరు ఇక నన్ను డ్రైవింగ్ వద్దన్నాడు. పోయిన నెల కారు తుక్కుకిచ్చి నంబరు వదిలేశాను. పాత ప్లేట్ల మీద ముద్రలు గీకేసి ఇచ్చారు. సుగుణ వాటిని వంటింటి గోడకు కొట్టమంది. వంకరగా కొట్టాను, ఇంకా తిడుతోంది.

నా ఆఖరి పనిరోజు కూడా శుక్రవారమే. పదకొండున్నర దాటాక రవి వచ్చాడు. పాత కారు మార్చి కొంచెం పెద్దది కొన్నాడట. వెంట శ్రావణి, చెయ్యి పట్టుకుని పాప. ఇప్పుడది కీటాకు, అంటే ఇక్కడి పిల్లల బడికి, వెళ్తోంది, తెలుగులో అడిగితే జర్మన్‌లో చెప్తుంది.

రవి చీటీ నా ముందు పెట్టాడు. మడవలేదు. నేను వేలు పెట్టాను. అక్షరాలు నావే. అంకెలు 602.

"రవీ, ఇది ఎనిమిది."

"తెలుసు అంకుల్. రోజూ వెబ్‌సైట్ చూసుకుంట కూసున్న, ఎప్పుడు ఖాళీ అయితదా అని. శ్రావణి వేరేది వద్దన్నది."

"ఆ నంబర్ల నేను కూసున్న. నాకు కలిసొచ్చింది" అంది శ్రావణి.

మౌనిక అచ్చులు తీసి పేర్చింది. చీటీ నేను చదివాను. రవి చదివాడు. మూడోసారి అచ్చుల మీంచి చదవబోతే పాప తన ఎత్తుకు అందిన అంకెల మీద వేలు పెట్టి, "జెక్స్, నుల్, త్స్వై" అంది. ఆరు, సున్నా, రెండు. ఫ్రావ్ క్రెమర్ వెనక నుంచి, "నాలుగోసారి కూడా పనికొస్తుంది" అంది.

హ్యాండిల్ లాగాను. ఈసారి మనసులో ఏమీ కూడలేదు. హాస్టల్ గది తలుపు మాత్రం కనబడింది.

వెచ్చటి ప్లేట్లు పట్టుకుని రవి రోడ్డు దాటాడు. పన్నెండుకు పది నిమిషాలుంది. మేమంతా కొట్టు గుమ్మంలో నిలబడి చూశాం. గాజు తలుపు అవతల హెర్ లాంగె చీటీ చూశాడు, ప్లేట్లు చూశాడు, తలెత్తి రోడ్డు అవతల ఉన్న నా వైపు చూశాడు. చెయ్యి ఊపాడని రాయబోయాను. ఊపలేదు. ముద్రలు అంటించాడు.